రెండు పసుపు మాత్రలు

మా అమ్మమ్మకి కీళ్ళవాతం. ఆదివారం పొద్దున టిఫిన్ అయ్యాక ఒక చిన్న పసుపు మాత్ర వేసుకోవాలి. వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుందని డాక్టర్ గారు రెండుసార్లు చెప్పి, చీటీ మీద ఆదివారం అన్న మాట చుట్టూ సున్నా చుట్టారు. మర్నాడు ఇంకో పసుపు మాత్ర. ఏది ఎప్పుడో హాస్టల్ నుంచి ఫోన్ చేసి గుర్తుచేసే డ్యూటీ నాది.

మొదటిది మెథోట్రెక్సేట్, రెండోది ఫోలిక్ యాసిడ్. ఒకరోజు ల్యాబ్ రికార్డు రాయడానికి బద్ధకమేసి, ఈ రెండింటి స్ట్రక్చర్లు తీసి పక్కపక్కన పెట్టుకున్నా. కవలపిల్లల్లా ఉన్నాయి. ఒకచోట ఆక్సిజన్ బదులు అమైనో గ్రూపు, ఇంకోచోట అదనంగా ఒక మిథైల్ గ్రూపు. అంతే తేడా. కానీ ఒకటి విటమిన్, రెండోది ఆ విటమిన్ పనిని అడ్డుకునే మందు. ఈ రెండు కథలూ న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్ళోని లెడర్లీ ప్రయోగశాలకే చేరతాయి. అక్కడ పరిశోధనకు పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. స్కూల్లో జీకే బిట్‌గా బట్టీపట్టిన పేరే. అసలు మనిషి గురించి చదివింది మాత్రం ఆ రాత్రే.

1895 జనవరి 12న పుట్టారు. చిన్నప్పుడు కాశీకి పారిపోయి యాత్రికులకు అరటిపళ్ళు అమ్ముకుని డబ్బు సంపాదిద్దామనుకున్నారట. ఇంట్లోవాళ్ళు దారిలోనే పట్టుకుని వెనక్కి తెచ్చారని చెబుతారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూల్ నుంచి గట్టెక్కారు. తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీ, ఆపైన మద్రాస్ మెడికల్ కాలేజీ. గాంధీగారి పిలుపు విని ఖద్దరు వేసుకుని క్లాసుకెళ్తే సర్జరీ ప్రొఫెసర్‌కి నచ్చలేదు. పరీక్షలు బాగానే రాసినా ఎంబీబీఎస్ డిగ్రీ దక్కలేదు, దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్ సర్టిఫికెట్ చేతికొచ్చింది.

ఆ మద్రాసు రోజుల్లోనే ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. స్ప్రూ అని గ్రహణి లాంటి జబ్బు. తిన్నది ఒంటికి పట్టదు, రక్తం తగ్గిపోతుంది, మనిషి క్షీణించిపోతాడు. కొద్దిరోజుల తేడాతో ఇద్దరు అన్నదమ్ములు దాంతో పోయారు. డాక్టరీ చదివిన మనిషి ఇంట్లో ఉండి కూడా చేయగలిగిందేమీ లేదు, ఎందుకంటే ఆ జబ్బు లోపల ఏం జరుగుతోందో అప్పటికి ఎవరికీ సరిగ్గా తెలీదు.

1923 అక్టోబర్‌లో ఆయన బోస్టన్‌లో దిగారు, హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల గురించి చదవడానికి. కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం, మామగారి సాయం. అవి చాలక హాస్పిటల్లో రాత్రిపూట రోగుల బెడ్‌పాన్‌లు శుభ్రం చేసే పని కూడా చేశారు. ఇంటి దగ్గర భార్య శేషగిరి గారు అప్పటికి గర్భవతి.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ దగ్గర చేరి ఆయన చేసిన మొదటి పెద్ద పని ఏ మందూ కాదు, ఒక కొలత. రక్తంలో, మూత్రంలో, కండరంలో ఫాస్ఫరస్ ఎంతుందో నీలిరంగు గాఢతని బట్టి చెప్పే పద్ధతి. 1925లో వచ్చిన ఈ ఫిస్క్-సుబ్బారావు పద్ధతిని బయోకెమిస్ట్రీ ల్యాబుల్లో తరతరాల విద్యార్థులు చేశారు. కండరం శాంపిల్‌తో చేసినప్పుడు మాత్రం రంగు రావాల్సిన టైముకి రాకుండా మెల్లగా వచ్చేది. మనమైతే రీడింగ్ కొంచెం సర్ది రికార్డులో రాసేస్తాం (రాయలేదని ఎవరైనా అంటే నమ్మను). వాళ్ళు ఆ ఆలస్యం వెంటపడ్డారు. ఏదో ఒక పదార్థం మెల్లగా విరుగుతూ ఫాస్ఫేట్‌ని వదులుతోందని తేలింది. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. 1929లో ఏటీపీ. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా ఏటీపీని కనుక్కున్నారు. కండరం పనిచేయడానికి శక్తి లాక్టిక్ యాసిడ్ వల్ల వస్తుందనే అప్పటి సిద్ధాంతానికి ఇక్కడే గండిపడింది.

ఇంత చేసినా హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీకి వెళ్ళిపోయారు, రెండేళ్ళకే పరిశోధన విభాగానికి డైరెక్టర్ అయ్యారు. ఆ తర్వాతి ఆరేళ్ళు చూస్తే కళ్ళు తిరుగుతాయి. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ని ల్యాబులో తయారుచేసింది. అన్నదమ్ముల్ని మింగిన స్ప్రూకి అది మందుగా పనిచేసింది. 1947లో ఫైలేరియాకి డీఈసీ వచ్చింది. బోదకాలు రాకుండా మన ఊళ్ళలో ఇంటింటికీ వచ్చి మింగించే మాత్రల్లో ఉండేది అదే. ఆయన ఏరికోరి తెచ్చుకున్న డెబ్బై దాటిన బెంజమిన్ డగ్గర్, మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది అదే.

ఇక ఆదివారం మాత్ర సంగతి. బోస్టన్‌లో పిల్లల డాక్టర్ సిడ్నీ ఫార్బర్, లుకేమియా ఉన్న పిల్లలకి ఫోలిక్ యాసిడ్ సంబంధిత పదార్థాలు ఇస్తే జబ్బు తగ్గకపోగా జోరందుకున్నట్టు గమనించారు. విటమిన్ అందితే క్యాన్సర్ కణం పెరుగుతుందంటే, అందకుండా చేస్తే? కణం లోపల ఫోలిక్ యాసిడ్‌ని పనికొచ్చే రూపంలోకి మార్చే ఎంజైమ్ ఒకటుంది. దాన్ని తాళం అనుకుంటే, సుబ్బారావు బృందం ఆ తాళానికి దొంగ తాళంచెవులు చేసింది. లోపలికి దూరి ఇరుక్కుపోతాయి, తిరగవు. వాటిలో అమినోప్టెరిన్‌ని ఫార్బర్ 16 మంది పిల్లలకి ఇస్తే 10 మందిలో జబ్బు తగ్గుముఖం పట్టింది. కొన్నాళ్ళకే. మళ్ళీ తిరగబెట్టింది. కానీ ఆ కొన్నాళ్ళు కూడా అంతకుముందు లేవు. ఆ ఫలితాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి. అమినోప్టెరిన్ తమ్ముడే మెథోట్రెక్సేట్. పిల్లల లుకేమియా చికిత్సలో ఇవాళ్టికీ మిగతా మందులతో కలిపి వాడుతున్నారు.

1948 ఆగస్టులో ఆయన నిద్రలోనే గుండెపోటుతో పోయారు. 53 ఏళ్ళు. నోబెల్ రాలేదని మనం బాధపడుతుంటాం. నాకు ఇంకో సంగతి ఎక్కువ గుచ్చుకుంది. ఇరవై అయిదేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా ఇండియాకి రాలేదు. పుట్టిన కొడుకు ఏడాది నిండకుండానే పోయాడు, తండ్రి ఆ బిడ్డ ముఖం చూడలేదు. శేషగిరి గారినీ మళ్ళీ చూడలేదు. ఎన్ని ప్రాణాలు నిలిచాయో లెక్కపెట్టి దీన్ని కొట్టేయొచ్చా? నాకు లెక్క కుదరలేదు.

కీళ్ళవాతంలో ఇంత చిన్న డోసు ఎలా పనిచేస్తుందో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. అడెనోసిన్ పెరిగి వాపుని తగ్గిస్తుందన్నది బలంగా వినిపించే వివరణ. అడెనోసిన్ అంటే ఏటీపీలో మొదటి ముక్కే. అంటే ఆయన 1948లో ఇచ్చివెళ్ళిన మందుని అర్థం చేసుకోవడానికి, 1929లో ఆయన చూసిన పదార్థం దగ్గరికే తిరిగి వస్తున్నారు.

మొన్న ఆదివారం ఫోన్లో ఇదంతా అమ్మమ్మకి చెప్పా. ఎంజైమ్, తాళం, ఏటీపీ అన్నీ ఓపిగ్గా వింది. చివరికి ఒక్కటే అడిగింది, ఆ శేషగిరి ఏమైందని. ఆయన పోయారన్న వార్త వచ్చేదాకా ఎదురుచూస్తూనే ఉన్నారని చెప్పా. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మాత్ర వేసుకున్నానని చెప్పి ఫోన్ పెట్టేసింది.