మైకేల్ ఫారడే

లండను నగరమునకు చేరువనున్న న్యూయింగ్టన్ బట్స్ అను చోట 1791వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన మైకేల్ ఫారడే జన్మించెను. తండ్రి కమ్మరి, పేదవాడు. చదువుట, వ్రాయుట, కొద్దిపాటి లెక్కలు, ఇంతియే బాలుని బడిచదువు. పదునాలుగవయేట అతడు జార్జి రీబో అను పుస్తకవిక్రేత యొద్ద పుస్తకములకు అట్టలు కట్టు పనిలో చేరి ఏడేండ్లు గడపెను.

కుట్టుటకు వచ్చిన పుస్తకములే అతనికి గురువులైనవి. బ్రిటానికా విజ్ఞానసర్వస్వమున విద్యుత్తును గూర్చిన వ్యాసమును చదివెను. చదివినదానిని చేసి చూడనిదే అతని మనస్సు ఊరకుండెడిది కాదు. 1812లో అతడు నిర్మించిన బ్యాటరీని తలచుకొన్న నవ్వును వచ్చును, గౌరవమును కలుగును. ఏడు అర్ధపెన్నీ రాగినాణెములు, ఆ పరిమాణమునకే స్వహస్తముతో కత్తిరించిన ఏడు తుత్తునాగపు బిళ్లలు, నడుమ ఉప్పునీట తడిపిన ఆరు కాగితపు ముక్కలు! దానితోనే మెగ్నీషియము సల్ఫేటును విడగొట్టగలిగెను.

ఆ యేడే హంఫ్రీ డేవీ ఉపన్యాసములు నాలుగు విని, సాఫుగా వ్రాసి, అట్టకట్టి ఆయనకు పంపెను. 1813 మార్చిలో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ప్రయోగశాలలో సహాయకుని కొలువు దొరకెను. జీతము వారమునకు 25 షిల్లింగులు.

1821లో, పాదరసపు గిన్నెలో నిలిపిన అయస్కాంతము చుట్టును విద్యుత్తు ప్రవహించు తీగ గిరగిర తిరుగునట్లు చేసెను. కీర్తితోపాటు అపవాదును వచ్చెను. వోలస్టన్ ఊహను అపహరించెనని కొందరు గుసగుసలాడిరి. రాయల్ సొసైటీ సభ్యత్వమునకు ఫారడే పేరు రాగా అడ్డుపడినవాడు, చేరదీసిన డేవీయే! ఐనను 1824లో ఎన్నిక జరిగెను.

విద్యుత్తు అయస్కాంతసూచిని కదల్చునని 1820లో ఎర్‌స్టెడ్ చూపియుండెను. అయస్కాంతము వలన విద్యుత్తు ఏల కలుగరాదు? ఫారడే పలుమార్లు ప్రయత్నించి విఫలుడయ్యెను. 1831 ఆగస్టు 29న ఇనుపకడియమునకు ఇరుప్రక్కల తీగలు చుట్టి, ఒక చుట్టకు బ్యాటరీ తగిలించెను. రెండవ చుట్టకు చెందిన తీగ చెంత నుంచిన సూచి ఒక్కసారి చలించి నిలిచిపోయెను. బ్యాటరీ విడదీయగా మరల చలించెను. ప్రవాహము నిలుకడగా నున్నంతసేపు ఏమియు లేదు. అదివరకు వెదకినవారు నిలుకడైన ఫలమునే ఆశించుటచేత ఆ క్షణికచలనము వారికి చిక్కలేదు. అక్టోబరులో కడ్డీ అయస్కాంతమును తీగచుట్టలోనికి దోపి, వెలికి తీసి, అదే ఫలమును పొందెను. నేటి విద్యుత్కేంద్రములలోని జనరేటర్లు ఈ సూత్రము మీదనే తిరుగుచున్నవి.

గణితము ఆయనకు రాలేదు. ఆయన ఊహించిన బలరేఖలకు గణితరూపము నిచ్చినవాడు మాక్స్‌వెల్. 1857లో రాయల్ సొసైటీ అధ్యక్షపదవి వచ్చినను ఫారడే వలదనెను.

1862లో, డెబ్బదియవ పడి దాటిన పిమ్మట, అయస్కాంతము జ్వాలలోని వర్ణరేఖలను మార్చునేమో యని పరీక్షించెను. మార్పు కానరాలేదు, కానరాలేదనియే దినచర్యలో వ్రాసికొనెను. 1867 ఆగస్టు 25న హాంప్టన్ కోర్టులో కన్నుమూసెను. ఆ మార్పును 1896లో హాలెండు దేశీయుడు జీమన్ మేలైన పరికరములతో కనుగొనెను.