బమ్మెర పోతన – అమ్ముడుపోని గ్రంథము



పాశ్చాత్య దేశములలో ఫౌస్టు అను విద్వాంసుని కథ బహుకాలముగా చెప్పుకొనుచున్నారు. ఇతడు 24 సంవత్సరముల భోగమునకై తన ఆత్మను సాతానుకు వ్రాసి యిచ్చెనట. 1587లో ఫ్రాంక్‌ఫర్టులో అచ్చయిన పుస్తకమునందు గడువు తీరగానే అతడు ఘోరముగా నశించెను. 1832లో వెలువడిన గేతే నాటకపు రెండవ భాగమునందైతే అతని ఆత్మ రక్షింపబడెను. బేరము ఒకటే గాని, చెప్పువాడు మారగా తీర్పు మారినది.

మన ఓరుగల్లు సీమలో బేరమునకు ఒప్పుకొనని వాని కథ యొకటి కలదు. దానిని కూడ అందరు ఒకే తీరున చెప్పరు.

బమ్మెర గ్రామము పాలకుర్తి దగ్గర, నేటి జనగామ జిల్లాలో నున్నది. కేసన, లక్కమాంబల కుమారుడగు పోతన 15వ శతాబ్దమువాడు. సంస్కృత భాగవతమును తెలుగు చేసెను. తాను ఏకశిలానగరమునకు వచ్చితినని ఆయన వ్రాసికొనెను. అది ఓరుగల్లే యని మనవారు, కాదు ఒంటిమిట్ట యని కడపవారు వాదించుకొందురు. మంచివానిని మావాడు అనుటకు ఎవరికి ఆశ యుండదు?

మొదటి సాక్ష్యము ఆయన గ్రంథమే. తన కావ్యమును రాజులకిచ్చి ఊళ్లు, వాహనములు, ధనము పుచ్చుకొన నొల్లక, తాను నమ్మిన దేవునికే అంకితము చేసితినని మొదటనే చెప్పెను. అచ్చట ఏ రాజు పేరును లేదు.

తరువాత పుట్టిన చాటుపద్యములో సరస్వతీదేవి కన్నీరు పెట్టగా, నిన్ను కర్ణాట ప్రభువులకు అమ్మనని కవి ఆమెను ఓదార్చును. ఈ పద్యము భాగవతములోనిది కాదు. ఇంకొక కథలో రాచకొండ ప్రభువు సర్వజ్ఞ సింగభూపాలుడు గ్రంథమును తనకిమ్మని అడిగి, ఇయ్యకపోగా కోపించి దానిని మట్టిలో పాతిపెట్టించెను. భాగవతములో కొన్ని భాగములను గంగన, సింగన, నారయ అనువారు పూరించిన మాట నిజమే. తాటాకులు పాడగుటకు రాజాగ్రహమే కావలెనా? చెదపురుగులు చాలును.

ఇదే సింగభూపాలుని కొలువునకు చెందిన భోగినీదండకము అను శృంగార రచన పోతనదేనని కొందరు, కాదని కొందరు పండితులు అందురు. అది ఆయనదే యైనచో ఆయన గౌరవము తగ్గునని మేము తలంచము. రాజు సొమ్ము రుచి ఎరిగి వద్దనుట మరింత కష్టము.

మాకు అన్నిటికంటె లోతుగా తగులునది శ్రీనాథుని కథ. ఈ మహాకవి పోతనకు బావ యందురు. కాలము చూడగా శ్రీనాథుడు చాల పెద్దవాడు గనుక ఈ చుట్టరికమునకు ఆధారము చాలదు. అయినను జనులు దానిని విడువలేదు. శ్రీనాథుడు పల్లకిలో పొలమునకు వచ్చి, తన మహిమ చూపుటకు ఒక ప్రక్క బోయీలను తొలగించెనట, పల్లకి సాగినది. అంతట పోతన, నాగలికి కట్టిన ఎద్దును విప్పుమని కొడుకు మల్లనతో చెప్పెనట, నాగలియు సాగినది. అటుపిమ్మట బావ, ఇల్లు గడుచుట యెట్లు, పుస్తకము రాజునకిమ్మని బ్రతిమాలును.

మత్తయి 4వ అధ్యాయములో శోధకుడు మన ప్రభువునకు కొండమీదనుండి లోక రాజ్యములన్నియు చూపెను. పల్లెలో మనకు ఎవరు రాజ్యములు చూపుదురు? వడ్డీ పెరిగిన యేట, ఇంట గింజలు నిండుకొన్న దినమున, మన మేలు కోరు చుట్టమే వచ్చి పీటమీద కూర్చుండును. పేరులేని రాజును బావగా మార్చిన పల్లెజనులు శోధనను బాగుగా ఎరిగినవారు.

ఆ శ్రీనాథునికి విజయనగరములో ప్రౌఢదేవరాయలు కనకాభిషేకము చేయించెను. పోషించిన ప్రభువులు గతించిన తరువాత, ముసలితనమున ఆయన కృష్ణాతీరమున బొడ్డుపల్లెలో భూమి గుత్తకు తీసికొనగా ఏరు పొంగి పైరు కొట్టుకొనిపోయెనని, పన్ను బాకీకై ఆయన భుజముమీద బండ మోపిరని చాటుపద్యములు చెప్పుచున్నవి.