రాజునకును శాసనమే ప్రభువు
(సర్ ఎడ్వర్డ్ కోక్ జీవితము)

ప్రభుత్వమునకు హద్దులుండవలెననియు, ఆ హద్దులు ప్రజలకు తెలిసియుండవలెననియు మానవుడు తలపోయుట నేటిది కాదు. క్రీ.పూ. 6వ శతాబ్ది ఆరంభమున గ్రీసు దేశమందలి ఏథెన్సు నగరమున సోలను తన శాసనములను చెక్కపలకలపై వ్రాయించి పౌరులందరును చూచునట్లు నిలిపెను. ఇంగ్లండు దేశమున 1215వ సంవత్సరమందు ప్రభువులు జాన్ రాజుచేత మాగ్నా కార్టా యను మహాపత్రమునకు ముద్ర వేయించిరి. కాలక్రమమున దాని ప్రభావము సన్నగిల్లెను. దానికి మరల ప్రాణము పోసిన న్యాయకోవిదుడు సర్ ఎడ్వర్డ్ కోక్.

ఆయన 1552వ సంవత్సరము ఫిబ్రవరి 1వ తేదీన నార్ఫోకు మండలమందలి మైల్‌హాం గ్రామమున జన్మించెను. తండ్రి న్యాయవాది. కోక్ కేంబ్రిడ్జిలో చదివి, లండనులో న్యాయశాస్త్రము నభ్యసించి, 1578లో న్యాయవాదియయ్యెను. 1593లో కామన్సు సభాధ్యక్షుడై, మరుసటి యేడు ఎలిజబెత్తు రాణికి అటార్నీ జనరలయ్యెను. ఆ పదవిలో ఆయన ప్రజాపక్షపాతి కాడు. 1603లో సర్ వాల్టర్ రాలీపై రాజద్రోహ నేరమును వాదించుచు నిండు న్యాయస్థానమున నిందితుని దుర్భాషలాడెను. ఆనాడు రాజశక్తి చేతిలో ఆయన యొక వాడియైన కత్తి.

1606లో ప్రధాన న్యాయమూర్తి యైన పిదప ఆ కత్తి మొన తిరిగెను. న్యాయమూర్తులు తన ప్రతినిధులే గనుక తానే వ్యాజ్యములకు తీర్పు చెప్పవచ్చునని 1607లో జేమ్సు రాజు వాదించెను. రాజు ఎంత బుద్ధిశాలి యైనను శాసనజ్ఞానము చిరకాలాభ్యాసమున గాని అలవడదనియు, రాజు ఏ మనుష్యునకును లోబడనివాడైనను దైవమునకును శాసనమునకును లోబడినవాడేయనియు కోక్ విన్నవించెను. రాజు మండిపడగా ఆయన నేలపై సాగిలపడి క్షమాపణ వేడెనని ఆనాటి లేఖ యొకటి తెలుపుచున్నది. శరీరము వంగెను గాని అభిప్రాయము వంగలేదు. రాజు కేవలము ప్రకటనచే క్రొత్త నేరమును సృష్టింపజాలడని 1610లో ఆయనయు సహన్యాయమూర్తులును తేల్చి చెప్పిరి.

1616లో రాజు తనకు సంబంధించిన వ్యాజ్యమును తన యాజ్ఞపై నిలుపుదురా యని న్యాయమూర్తుల నడిగెను. తక్కిన పదునొకండుగురు సమ్మతించిరి. కోక్ మాత్రము, అట్టి సమయము వచ్చినపుడు న్యాయమూర్తికి తగినదే చేయుదునని బదులు చెప్పెను. ఆ సంవత్సరమే ఉద్యోగము పోయెను. రాజానుగ్రహమును తిరిగి పొందగోరి, మరుసటి యేడు కన్నకూతురిని ఆమె యిష్టమునకు విరుద్ధముగా రాజుగారి ప్రియమిత్రుని సోదరునకిచ్చి పెండ్లి చేసెను. ఈ మచ్చ ఆయన చరిత్రనుండి తొలగునది కాదు.

పార్లమెంటులో ఆయన మరల తలయెత్తెను. 1621లో సభాహక్కులకై నిలిచినందుకు లండను టవరులో కొన్ని మాసములు బందీయయ్యెను. చార్లెసు రాజు పార్లమెంటు సమ్మతి లేకయే అప్పుల పేర ధనము గుంజి, ఈయనివారిని కారణము చూపక చెరసాలలో నుంచెను. 1628లో 76 యేండ్ల వృద్ధుడైన కోక్ ముందు నిలిచి హక్కుల విన్నపమును సభచే అంగీకరింపజేసెను. సభ సమ్మతి లేని పన్ను కూడదు. కారణము చూపని నిర్బంధము కూడదు. ప్రజల యిండ్లలో సైనికులను బలవంతముగ దించరాదు. జూన్ 7వ తేదీన రాజు దాని కంగీకరించెను.

1634 సెప్టెంబరు 3వ తేదీన కోక్ మరణించెను. ఆయన మరణశయ్యపై నుండగనే రాజభటులు వచ్చి వ్రాతప్రతులను పట్టుకొనిపోయిరి. మాగ్నా కార్టాపై ఆయన వ్రాసిన వ్యాఖ్యను రాజు అంతగా శంకించెను. 1641లో పార్లమెంటు వానిని వారసునకు తిరిగి యిప్పించి, ముద్రణకు ఆజ్ఞాపించెను. 1215 నాటి పత్రము ముఖ్యముగ ప్రభువులకును స్వతంత్రులకును ఉద్దేశింపబడినది. భూమికి కట్టుబడిన సేద్యగాండ్రకు దానివలన కలిగిన మేలు స్వల్పము. కోక్ వ్యాఖ్య దానిని జనులందరి సొత్తుగా విప్పి చూపెను.

1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగమున శాసనాధికారము లేనిదే పన్ను విధింపరాదని 265వ అధికరణము చెప్పుచున్నది. క్రింది న్యాయస్థానము హద్దు మీరినపుడు దానిని నిలుపు ప్రొహిబిషన్ రిట్టు 32వ, 226వ అధికరణములలో కలదు. అది కోక్ తన న్యాయపీఠమునుండి ప్రయోగించిన ఆయుధమే. ఆయన నిర్దోషి కాడు, నిర్భయుడును కాడు. అయినను ఆయన గ్రంథమునకు రాజు భయపడెను. అధికారమునకు గల హద్దులు గ్రంథమున కెక్కి, ఆ గ్రంథము సామాన్యుని చేతికందినపుడే అవి నిజమైన హద్దులగును. గ్రామమున గ్రంథాలయ ముండుటకు ఇంతకన్న గొప్ప ప్రయోజన మేమి కలదు?