ఎల్సా లౌలా రెన్‌బర్గ్

ఐరోపా ఖండమునకు ఉత్తరపు కొసన నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ దేశములలోను, రష్యాలోని కోలా ద్వీపకల్పమునందును సామీ అను ప్రాచీన జాతి వారు నివసించుచున్నారు. ఇతరులు వారిని చిరకాలము లాప్ అని పిలిచిరి. ఆ పిలుపులో చులకన ఉన్నందున వారికది నచ్చదు. వారిలో చేపలు పట్టి బ్రదుకువారు కలరు, సేద్యము చేయువారు కలరు. రెయిన్‌డీర్ అను మంచుదుప్పుల మందలను మేపుట పలు కుటుంబములకు తాతముత్తాతలనాటి వృత్తి.

చలికాలమున మందలు అడవులలో నుండును. దుప్పులు గిట్టలతో మంచును త్రవ్వి, దాని క్రింద నున్న రాతిపూవు జాతి తెల్లని నాచును తినును. ఈ నాచు మిక్కిలి మెల్లగా పెరుగును. బాగుగా మేసిన చోట అది మరల పెరుగుటకు ఏండ్లు, ఒక్కొక్కచోట దశాబ్దములు పట్టును. ఒకే చోట నిలిచినచో మేతయు నశించును, మందయు నశించును. కావున వసంతమున మందలు కొండల కెక్కును, అచటనే ఈనును. దూడ చెవి అంచున ప్రతి కుటుంబమును తన గుర్తుగా గాట్లు వేయును. ఆ గాట్లను చూచి దుప్పి ఎవరిదో చెప్పగలరు. నేలకు మాత్రము అట్టి గుర్తు లేదు. ఏ లోయలో ఎవరు మేపుకొందురో సామీలకు తెలియును. ప్రభుత్వపు కాగితములలో అది ఎవరిదియు కాని బీడు.

ఇట్టి కాపరుల ఇంట 1877వ సంవత్సరము నవంబరు 29వ తేదీన ఎల్సా లౌలా జన్మించెను. ఆమె బాల్యము స్వీడన్‌లో, నార్వే సరిహద్దు కొండలకు దగ్గరగా నున్న విల్హెల్మినా ప్రాంతమున గడచెను. అప్పటికే దక్షిణమునుండి రైతులు వచ్చి లోయలలో ఇండ్లు కట్టుకొని, పొలములకు పట్టాలు పొందుచుండిరి. దుప్పులు దారిలో వారి గడ్డివాములను తినుచుండెను. రైతునకు నష్టము కలుగుట నిజమే. ఆ వాము ఉన్న చోటు నిన్నటివరకు మంద నడచిన బాట యనుటయు అంతే నిజము. ఆనాడు నార్వే, స్వీడన్‌లు ఒకే రాజు క్రింద నుండెను. ఆ రెండు దేశములకును కలిపి 1883లో ఒక చట్టము చేసిరి. తిన్న దుప్పి ఎవరిదో తేలనప్పుడు ఆ ప్రాంతమున మందలు గలవారందరును కలిసి నష్టము చెల్లింపవలెనని అది శాసించెను. ఒకని దుప్పి చేసిన తప్పునకు పదిమంది దండుగ కట్టవలసి వచ్చెను. 1886లో స్వీడన్ చేసిన మరియొక చట్టము సామీలకు మేపుకొను హక్కును మాత్రమే గుర్తించెను. నేలపై యాజమాన్యము ఈయలేదు.

ఎల్సా స్టాక్‌హోము నగరమునకు పోయి మంత్రసాని విద్య నేర్చెను. ఆ నగరమున, పాలకులు సామీలను గూర్చి ఎట్లు తలచుచున్నారో ఆమెకు తెలిసివచ్చెను. 1904లో, ఇరువదియారేండ్ల వయసున, ఆమె స్వీడిష్ భాషలో ఒక చిన్న పుస్తకమును ప్రకటించెను. చావా, బ్రదుకా అను ప్రశ్నయే దాని పేరు. సామీ స్త్రీ వ్రాసి అచ్చువేయించిన పుస్తకములలో అదియే మొదటిదని చెప్పుదురు. సామీలు జాలి చూపదగిన వారు కారనియు, నేలపై హక్కు గల పౌరులనియు, వారి పిల్లలకు మంచి చదువు కావలెననియు ఆమె వాదించెను. సామీలు తమలో తాము కలియకపోవుటను కూడ ఆమె దాచలేదు; స్వజనమును విమర్శించుటకు వెనుదీయలేదు. ఆ కాలమున ఆ దేశములలో పార్లమెంటు ఎన్నికలలో స్త్రీకి ఓటు లేదు.

ఆ యేడే సామీల కేంద్రసంఘము ఏర్పడెను. ఎల్సా దానికి అధ్యక్షురాలు. అంతకు పూర్వము సామీలకు అట్టి సంఘము లేదు. అయితే అది కొన్ని యేండ్లకే సన్నగిల్లెను. మందల వెంట తిరుగువారిని ఒకచోట చేర్చుట కష్టము. వారి చేత ధనమును లేదు.

1908లో ఆమె తోమస్ రెన్‌బర్గ్ అను కాపరిని వివాహమాడి, నార్వేలోని హెల్గెలాండ్ సీమకు చేరెను. మందలతోపాటు పిల్లల పోషణయు ఆమెపై బడెను. ఐనను 1910లో ఆమె బ్రూర్‌స్కాంకెన్ అను చోట సామీ స్త్రీల సంఘమును స్థాపించెను. మందల పనిలో ఆడవారి పాలు తక్కువ కాదు. అందుచే నేలను గూర్చిన మాటలో వారికిని పాలు ఉండవలెనని ఆమె తలంపు.

సరిహద్దునకు ఇరువైపుల నున్న సామీలు ఒకచోట కూడవలెనను కోరిక ఆమెకు చాలకాలముగా ఉండెను. 1905లో నార్వే, స్వీడన్‌లు విడిపోయెను. గీత గీసినది మనుష్యులు. మందలకు ఆ గీత తెలియదు. వేసవిమేత ఒక దేశమునను, చలికాలపు మేత వేరొక దేశమునను కల కుటుంబములకు ప్రతి ఒప్పందమును భయమే. తుదకు స్త్రీసంఘము పూనికతో 1917వ సంవత్సరము ఫిబ్రవరి 6వ తేదీన నార్వేలోని ట్రాండ్‌హైమ్ పట్టణమున, ఒక మెథడిస్టు చర్చిలో మహాసభ ప్రారంభమయ్యెను. ఆమె నివసించిన వైపునకు అప్పటికి రైలు లేదు. మూషోయెన్ వరకు రైలు వచ్చినది 1940లో. అంతటి చలిలో నూరుమందికి మించి వచ్చిరి. వారిలో స్త్రీలును పలువురు. ప్రారంభోపన్యాసము ఎల్సాదే. నాలుగు దినములు మేతభూములు, చట్టములు, బడులు చర్చకు వచ్చెను. దుప్పుల చట్టమును పరిశీలించుటకు ఒక ఉపసంఘమును నియమించిరి.

సభ వలన చట్టములు వెంటనే మారలేదు. 1919లో రెండు దేశములును చేసికొనిన మేత ఒప్పందము వలన ఉత్తరమున పలు సామీ కుటుంబములు తమ చోట్లను విడిచి బలవంతముగా దక్షిణమునకు పోవలసి వచ్చెను. ఎల్సా 1931లో క్షయవ్యాధితో మరణించెను. అప్పటికి ఆమెకు ఏబదిమూడేండ్లు.

1992లో హెల్సింకిలో జరిగిన సామీ సమావేశము ఫిబ్రవరి 6వ తేదీని జాతీయదినముగా నిర్ణయించెను. అది ట్రాండ్‌హైమ్ సభ మొదలైన దినము. సామీలు తమ ప్రతినిధులను ఎన్నుకొను సభలు నార్వేలో 1989లోను, స్వీడన్‌లో 1993లోను ఏర్పడెను. భూమి వివాదములు మాత్రము న్యాయస్థానములలో సాగుచునే యుండెను. స్వీడన్ ఉత్తరభాగమున గిర్యాస్ అను సామీ కాపరుల సంఘము ప్రభుత్వముపై వ్యాజ్యము వేసి యేండ్ల తరబడి నడపెను. తమ మేతభూములలో చిన్న జంతువులను వేటాడుటకును, చేపలు పట్టుటకును అనుమతి నిచ్చు హక్కు ఎవరిదని ప్రశ్న. 2020వ సంవత్సరము జనవరిలో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము ఆ హక్కు గిర్యాస్ వారిదే యని తీర్పు చెప్పెను. వారి చేత పట్టా లేదు. అనాదిగా ఆ నేలను అనుభవించుచు వచ్చుటయే హక్కునకు ఆధారమని న్యాయమూర్తులు అంగీకరించిరి.