గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు

ఆంధ్ర తిలకులని పేరందిన హరిసర్వోత్తమరావుగారు 1883లో కర్నూలున జన్మించిరి. ఎం.ఏ. ముగించి, ఉపాధ్యాయులు కాగోరి రాజమహేంద్రవరమున శిక్షణ కళాశాలలో చేరిరి. 1907లో వందేమాతరోద్యమమున నిలిచినందున అచ్చటినుండి బహిష్కృతులైరి. మరుసటి యేడు ‘స్వరాజ్య’ పత్రికలోని వ్యాసమునకుగాను మూడేండ్ల కారాగారము ప్రాప్తించెను.

బడి తలుపు మూసినను బోధకుడు చావలేదు. వారు గ్రంథాలయోద్యమమున జేరి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమునకు అధ్యక్షులైరి. గ్రంథాలయ సేవకులకు శిక్షణ తరగతులు నడపిన సంస్థ అది. శిక్షణ నుండి గెంటబడినవారే దానికి పెద్దయగుట గమనింపదగినది. బీరువానిండ పుస్తకములున్నను అక్షరమెరుగని రైతుకేమి ఫలము? అందుచేతనే గ్రంథాలయముతోపాటు వయోజన విద్యకును పాటుపడిరి.

నడుమ నంద్యాలనుండి మద్రాసు శాసనమండలికి ఎన్నికైరి. 1960 ఫిబ్రవరి 29న కాలధర్మము నొందిరి. ఆ తేది నాలుగేండ్లకొకమారే వచ్చును.