ముక్తి సదనములో ఆత్మకార్యము: పండిత రమాబాయి గారి జీవితము

పెంతెకొస్తు ఆదివారమున అపొస్తలుల కార్యములు రెండవ అధ్యాయము మన గుళ్ళలో తప్పక చదువబడుతుంది. ఆ రోజు గడచిన తరువాత పరిశుద్ధాత్మను గూర్చి మనము మాట్లాడుకొనేది తక్కువే. మాట్లాడినా తగవులో మాట్లాడతాము. పెద్దలు మన సంఘములోనే ఉండగా పిల్లలు వేరొక సహవాసమునకు వెళ్ళి, భాషలు మాట్లాడని మీలో ఆత్మ లేదని తలిదండ్రులతోనే అంటున్నారు. పెద్దలేమో ఆ కేకలు, ఆ వణుకు ఆత్మకార్యము కానేకావని తీర్పు చెప్పి ఊరుకుంటున్నారు. మా ఇండ్లలోనూ ఈ మాటలు నడుస్తున్నవి. కనుక ఈ శతవార్షిక సంచికకు పరిశుద్ధాత్మను గూర్చి వ్రాయబూనినప్పుడు, వాదము కంటె ఒక జీవితమును మన ముందు పెట్టుకొనుట మేలని మాకు తోచినది.

రమాబాయి గారు 1858 ఏప్రిల్ 23న పడమటి కనుమలలోని గంగామూల అరణ్యములో జన్మించారు. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే గొప్ప సంస్కృత పండితుడు. స్త్రీకి సంస్కృతము నేర్పరాదను కాలములో భార్య లక్ష్మీబాయికి నేర్పి, అందుకు పండితుల కోపమును సహించినవాడు. రమాబాయి గారికి ఆ తల్లియే గురువు. బిడ్డ నెలల పిల్లగా ఉండగానే కుటుంబమంతా తీర్థయాత్రలకు బయలుదేరి, గుడి మండపములలో పురాణము చదువుతూ, వచ్చిన దానితో బ్రదికారు. ఆ తిరుగుడులో వారు మన దక్షిణదేశమునకూ వచ్చారు. కరవు రోజులలో వేంకటగిరి అని ఆమె పేర్కొన్న పుణ్యక్షేత్రపు కొండ అడవిలో, చేతిలో గింజ లేక, ఆకులు, నీళ్ళు, అడవి ఈతపండ్లతో పదునొకండు రోజులు గడిపారట. 1874లో తండ్రి, కొద్ది నెలలలోనే తల్లి, ఆ వెనుక అక్క చనిపోయారు. మిగిలినది అన్న శ్రీనివాసుడు, ఆమె.

ఇద్దరూ కాలినడకన దేశము తిరిగి 1878లో కలకత్తా చేరారు. అక్కడి పండితులు ఆమెను పరీక్షించి పండిత, సరస్వతి అను బిరుదులిచ్చారు. 1880లో అన్న పోయాడు. అదే సంవత్సరము ఆమె కులాంతరముగా బిపిన్ బిహారీ మేధావి అను వకీలును వివాహమాడారు. 1882లో ఆయన కలరాతో మరణించగా, ఇరువది నాలుగేండ్లైనా నిండకముందే పసిబిడ్డ మనోరమతో వితంతువుగా మిగిలారు. భర్త ఉండగానే అస్సాములోని సిల్చారులో బెంగాలీ లూకా సువార్త ప్రతి ఒకటి ఆమె కంటబడినది. మొదటి విత్తనము అదే అని మా తలంపు.

1883లో ఇంగ్లండు వెళ్ళి, వాంటేజిలో ఆంగ్లికన్ సన్యాసినుల ఆశ్రమములో ఉండి, సెప్టెంబరు 29న కుమార్తెతో కూడ బాప్తిస్మము పొందారు. ఇక్కడ మన పాఠకులు ఒక్క క్షణము ఆగవలెను. బాప్తిస్మమైనంత మాత్రాన ఆమె సందేహములు తీరలేదు. త్రిత్వమును గూర్చి, సంఘాధికారమును గూర్చి ఆమె తన ఆత్మీయ తల్లియైన సిస్టర్ జెరాల్డిన్‌తో ఉత్తరములలో గట్టిగా వాదించారు. ఒకరి కాడి తీసివేసి మరొకరి కాడి ఎత్తుకొనుటకు ఆమె ఒప్పుకోలేదు. ఆ రోజులలో మన గురువుల ముందు ఒక స్త్రీ ఇట్టి ప్రశ్నలు అడిగియుంటే కన్ఫర్మేషను ఇచ్చెడివారా అని మేము అనుకొనుచున్నాము!

అమెరికా వెళ్ళి, 1887లో హిందూ స్త్రీల స్థితిని గూర్చి ఇంగ్లీషులో పుస్తకము వ్రాసి, దానివలన కలిగిన సహాయముతో 1889 మార్చి 11న బొంబాయిలో వితంతువుల కొరకు శారదా సదనము తెరచారు. మరుసటి సంవత్సరము అది పూనాకు మారినది. పేరు, పని, అందరి మెప్పు కలిగినవి. అయినను లోపల కొరత ఉన్నది. 1891 ప్రాంతములో హాస్లమ్ అను ఇంగ్లీషు పాదిరి తన మార్పును గూర్చి వ్రాసుకొన్న పుస్తకము ఆమె చదివారు. గురువుగా పనిచేయుచు కూడ తాను మారుమనస్సు పొందలేదని ఆ పాదిరి తెలిసికొన్న వృత్తాంతమది. తాను క్రైస్తవ మతమును కనుగొన్నదే గాని క్రీస్తును కనుగొనలేదని ఆమెకు అప్పుడు తెలిసినది. బాప్తిస్మమైన ఎనిమిదేండ్లకు! ఇది తన స్వంత తెలివిచేత కాక పరిశుద్ధాత్మ చూపుటచేతనే తెలిసినదని ఆమె సాక్ష్యము.

ఆ తరువాత ఆమె తలుపు తెరచియుంచి ప్రార్థించుట, సదనములోని కొందరు బాలికలు తామే వచ్చి చేరుట, 1893లో పూనాలో అలజడి రేగుట, రానడే, భండార్కరు మొదలైన సలహాసంఘపు పెద్దలు రాజీనామా చేయుట, తలిదండ్రులు పిల్లలను తీసికొనిపోవుట జరిగినవి. దానిని ఇక్కడ విస్తరించము. 1896, 97లలో మధ్యపరగణాలలో కరవు వచ్చినప్పుడు ఆమె స్వయముగా వెళ్ళి ఆకలితో చచ్చుచున్న బాలికలను వందలుగా తెచ్చారు. కొండ అడవిలో ఆకులు తిన్న పిల్ల ఆ పిల్లలను చూచి ఊరకుండగలదా? పూనాకు దాదాపు నలువది మైళ్ళ దూరాన కేడ్‌గాఁవ్‌లో ముక్తి సదనము అట్లు పెరిగినది. 1900 గుజరాతు కరవు తరువాత అక్కడ రెండువేల మందికి చేరువగా ఉండిరి. బడి, నేత, గానుగ, పాడి, అచ్చుయంత్రము, గ్రుడ్డివారికి చదువు, అన్నీ అక్కడనే.

ఇక ఆత్మకార్యము. ఆస్ట్రేలియాలో ఉజ్జీవము కలిగినదని విని, కుమార్తె మనోరమను, మినీ ఏబ్రమ్స్ అను అమెరికా మిషనెరీని అక్కడికి పంపారు. 1904లో వేల్సులోను, 1905 ఆరంభములో ఖాసీ కొండలలోను ఉజ్జీవము రగిలినది. 1905 జనవరిలో ఆమె ప్రార్థనకు రమ్మని అడుగగా డెబ్బది మంది వచ్చారు. జూను నాటికి ఐదువందల ఏబది మంది రోజుకు రెండుసార్లు కూడి ప్రార్థించుచుండిరి. జూను 29 తెల్లవారకముందు మూడున్నరకు ఒక బాలిక లేచి, ప్రక్కనున్న తోటి పిల్లను అగ్ని కమ్ముకొన్నదని చూచి, బక్కెటుతో నీళ్ళు తెచ్చి పోయబోయి, అది కాల్చు అగ్ని కాదని గ్రహించినదట. మరునాటి సాయంకాలము రమాబాయి గారు యోహాను ఎనిమిదవ అధ్యాయము తమ అలవాటు చొప్పున నెమ్మదిగా బోధించుచుండగా, కూడినవారందరు ఒక్కసారి బిగ్గరగా ప్రార్థింపసాగారు. ఆమె మాటలు ఆపవలసివచ్చినది.

తరువాత వచ్చినది సంతోషము కాదు, ఏడుపు. బాలికలు తమ దొంగతనములు, అబద్ధములు, పగలు ఒప్పుకొన్నారు. ఒప్పుకోలు తరువాతనే పాటలు వచ్చినవి. ఆ పాటలతో, ప్రార్థనలతో గుంపులు గుంపులుగా చుట్టుప్రక్కల పల్లెలకు వంతుల చొప్పున సువార్తకు వెళ్ళారు. లాస్ ఏంజెలీసులో 1906లో మొదలైన ప్రఖ్యాత ఉజ్జీవము కంటె ఇది ఒక సంవత్సరము ముందటిది. మన దేశములో, అదియు అనాథ బాలికల నడుమ! మినీ ఏబ్రమ్స్ గారు దీనిని గూర్చి వ్రాసిన చిన్న పుస్తకము చిలీ దేశములో ఉన్న ఆమె స్నేహితురాలికి చేరి, 1909లో అక్కడి మెథడిస్టు సంఘములో గొప్ప కదలికకు ఒక కారణమైనది.

విమర్శలు రాకపోలేదు. ఇన్ని గొంతులు ఒక్కసారి అరచుట క్రమమేనా అని మిషనెరీలలోనే కొందరు అడిగారు. రమాబాయి గారు ఆ ప్రార్థనలను సమర్థించారు. భారతీయ క్రైస్తవులు తమ తీరున దేవుని ఆరాధించుటకు విడువబడవలెనని, పాశ్చాత్య మర్యాద ఒక్కటే ఆత్మకు కొలత కాదని వారి అభిప్రాయము. మన గుళ్ళలో నిశ్శబ్దమే భక్తి అనుకొనువారికి ఇది కొంచెము కష్టమైన మాటయే. అయితే ముక్తిలో భాషలు మాట్లాడుట కూడ కలిగినప్పుడు ఆమె దానిని ఆపలేదు, అందరికీ విధింపను లేదు. అది ఆత్మవరమే గాని ఆత్మను పొందినవారందరిలో తప్పక కనబడవలసిన గుర్తు కాదని, ప్రేమయే ఆ గుర్తని 1907లో తమ పత్రికలో వ్రాశారు. ఇది భాషలు మాట్లాడువారి నడుమ నివసించుచు, వారిని ప్రేమించుచు చెప్పిన మాట. దూరమునుండి తీర్పు తీర్చిన మాట కాదు. మా ఇండ్లలోని తగవులో ఇరుపక్షములకును ఇంత దగ్గరనుండి మాట్లాడిన సాక్షి మాకు మరొకరు దొరకలేదు.

ఆ ఆత్మావేశము వలన ఆమె సభల వెంట తిరుగుచు పోలేదు. పల్లెటూరి స్త్రీకి అర్థమగు సులభమైన మరాఠీలో బైబిలు ఉండవలెనని, నడివయస్సు దాటిన తరువాత హెబ్రీ, గ్రీకు నేర్చి, ఏండ్ల తరబడి మూలమునుండి తర్జుమా చేశారు. చెవి వినికిడి తగ్గినది, ఆరోగ్యము చెడినది. తల్లి తరువాత సదనమును మోయవలసిన మనోరమ 1921 జూలైలో చనిపోయారు. ఆమె మాత్రము దిద్దుబాటు కాగితములు విడువలేదు. ఆ పని ముగించి, 1922 ఏప్రిల్ 5న ప్రభువునందు నిద్రించారు. ఆ బైబిలు 1924లో ముక్తి అచ్చుయంత్రము మీదనే వెలువడినది. అక్షరములు కూర్చినవారు, కాగితములు మడచినవారు అందరు అక్కడి స్త్రీలే. వారిలో కొందరు కరవు రోజులలో ఎముకల గూళ్ళుగా ఆ గేటు లోపలికి మోసికొని రాబడిన పిల్లలు.