జిమ్ మారిసన్: తనకు తానే ‘బల్లుల రాజు’.. 27 ఏళ్లకే ముగిసిన రాక్ స్టార్ కథ!

బల్లి కనిపిస్తే చాలామంది ఆమడ దూరం పరిగెడతారు. అమెరికా రాక్ సింగర్ జిమ్ మారిసన్ మాత్రం తనను తాను ‘లిజర్డ్ కింగ్’.. అంటే బల్లుల రాజునని చెప్పుకున్నాడు.

1943లో ఫ్లోరిడాలో నేవీ ఆఫీసర్ ఇంట పుట్టాడు. 1965లో లాస్ ఏంజెలెస్‌లో ‘ది డోర్స్’ బ్యాండ్ మొదలైంది. రెండేళ్లకే ‘లైట్ మై ఫైర్’ పాట అమెరికాలో నంబర్ వన్!

పేరుతో పాటే తాగుడూ పెరిగింది. 1969 మయామి షోలో అసభ్యంగా ప్రవర్తించాడని కేసు, మరుసటి ఏడాది శిక్ష. అప్పీల్ తేలకముందే 1971 జులై 3న పారిస్‌లో చనిపోయాడు. పోస్టుమార్టం జరగలేదు, అనుమానాలూ ఆగలేదు.

ఆ కేసులో ఫ్లోరిడా క్షమాభిక్ష ఇచ్చింది 2010లో.. అంటే 39 ఏళ్లు ఆలస్యంగా! 2013లో సైంటిస్టులు మయన్మార్‌లో దొరికిన 4 కోట్ల ఏళ్ల నాటి భారీ బల్లి శిలాజానికి ‘బార్బటురెక్స్ మారిసనీ’ అని ఆయన పేరే పెట్టారు.